చఱియ యంచున కంచె

వినోదయాత్రకు వెడలినవారికి కంచె కంటకముగా తోచుట సహజము. "సముద్రమును చూడవచ్చితిమి, నడుమ నీ యడ్డు లేల?" అని పలువురు విసుగుకొందురు. నా యభిప్రాయము వేఱు. ఆ చఱియ యెట్టిదో మనకు తెలుపు మొదటి పాఠము కంచెయే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు దక్షిణతీరమున గ్రేట్ ఓషన్ రోడ్డు అను మార్గము కలదు. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు, మరలిరాని తమ తోడివారి జ్ఞాపకార్థము, 1919 మొదలు 1932 వఱకు గుద్దళ్లు, పారలు మొదలగు చేతిపనిముట్లతో దానిని నిర్మించిరి. మెల్బోర్న్ నుండి కారులో ఆ దారిని పోవువారికి పోర్ట్ కాంబెల్ సమీపమున "పండ్రెండుమంది అపొస్తలులు" అను సున్నపురాతి స్తంభములు సముద్రమున నిలిచి కనబడును. పేరునకే పండ్రెండు, లెక్కకు అన్ని లేవు.

అవి యెట్లు పుట్టెను? అలలు మెత్తని రాతిని తొలిచి గుహ చేయును. గుహ రెండువైపుల తెఱచుకొని కమాను అగును. కమాను కప్పు కూలగా మిగిలినదే స్తంభము. తుదకు స్తంభమును కూలును. 2005 జూలైలో అట్టి దొకటి క్షణములలో రాళ్లకుప్ప యయ్యెను. సమీపముననే లండన్ బ్రిడ్జి అను రెండు కమానుల శిల యుండెడిది. 1990 జనవరి 15వ తేదీని తీరమును కలిపియున్న కమాను కూలిపోయెను. ఆవల చిక్కుకొనిన యిద్దఱు సందర్శకులను హెలికాప్టరుతో రక్షింపవలసివచ్చెను. వారు అంతకు కొంచెము ముందు నడచిపోయినది ఆ కమాను మీదుగానే.

మనము మెచ్చు సౌందర్యమునకును, వెఱవవలసిన యపాయమునకును కారణ మొక్కటియే. స్తంభములను చెక్కిన కోతయే మన పాదముల క్రిందను పనిచేయుచున్నది. పచ్చిక మొలచిన నేల గట్టిగా కనబడును. క్రింద బోలుగా నున్నదో లేదో పైన నిలిచినవానికి తెలియదు.

"ఇంత భయపడువానికి ప్రయాణ మేల?" అని కొంద ఱందురు. తెలిసిన యపాయమును సత్కార్యమునకై యెదుర్కొనుట ధైర్యము. ఛాయాచిత్రమునకై కంచె దాటుట ధైర్యము కాదు. జాఱిపడినవానికొఱకు త్రాడు పట్టుకొని దిగువాడు ధీరుడు. అతని ప్రాణమునకును ముప్పు తెచ్చువాడు ధీరుడు కాడు.

కావున, విద్యార్థులారా, ఏ తీరమున కేగినను కంచె కీవల నిలిచి, తొందరపడక, అరగంటసేపు చూడుడు. అల యెచట తగులుచున్నదో, రాయి యెచట బీటవాఱినదో కనిపెట్టువాడు సముద్రమును చూచినవాడు. అంచునకు పోయి, దానికి వీపు త్రిప్పి నిలుచువానికి ఆ భాగ్యము లేదు.