పులస పిల్లల సంగతి

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మనది. అందులో తినేవాడి సంగతి ఉంది, పుస్తెల సంగతి ఉంది. పులస ఏ పని మీద గోదావరి ఎక్కిందో ఆ ఊసు మాత్రం లేదు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక నా చూపు ముందు సామెత మీద పడింది, మన్నించండి.

సముద్రంలో విలస అనిపించుకునే ఈ చేప, ఎర్రనీళ్లు దిగే రోజుల్లో ఏటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. వచ్చేది గుడ్లు పెట్టడానికి. తల్లి పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు 20 లక్షల దాకా పెడుతుంది. ఇన్నెందుకంటారా? వినండి. గుడ్డు నీటివాలున పోతూ ఇంచుమించు ఒక రోజులో పగులుతుంది. బయటపడ్డ పిల్ల నూకగింజంత. పొట్టకింద అమ్మ కట్టిచ్చిన చద్దిమూటలా సొన ఉంటుంది, అది కొద్దిరోజులే. మూట ఖాళీ అయ్యేసరికి కంటికానని నాచూ నలుసూ నోటికందాలి. అందకపోతే అంతే. ఈలోగా తాను మరొకరి నోటికి అందకూడదు! ఇవన్నీ గడిచి కొన్ని నెలలు ఏట్లో పెరిగినదే సముద్రానికి బయల్దేరుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ల అన్నం తిని కాటన్ దొరను తిట్టేపాటి కృతఘ్నుణ్ణి కాను. అయితే గోడ తల్లికి అడ్డమని అందరూ అంటారు గాని, పిల్ల మాట ఎవరూ ఎత్తరు. పారే నీరు గుడ్డును తేలుస్తుంది. నీరు నిలిస్తే గుడ్డు అడుక్కి చేరి ఒండ్రుకింద ఊపిరాడక పోతుంది. కాలువలోకి మళ్లిన పిల్ల వరిచేను చూస్తుందేమో గాని సముద్రం చూడదు. గంగలో ఒకప్పుడు అలహాబాదు దాకా పోయిన ఈ చేపకు, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ దారి దాదాపు మూతపడింది.

బంగ్లాదేశ్ వాళ్లు దీని పిల్లకు 'జాట్కా' అని విడిగా పేరు పెట్టుకున్నారు. పేరున్నదానికి చట్టం చెయ్యడం సులువు. 25 సెంటీమీటర్లలోపు పిల్లను నవంబరు నుంచి జూను దాకా పట్టకూడదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. చాలడం లేదని జాలరుల గోడు, అదీ నిజమే. అయినా పొయ్యి మీదికి ఏదో ఒకటి రాకుండా వల ఆగదని గ్రహించారు గదా!

మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపుతారు. మంచిదే. కాని ఆ నిషేధం సముద్రానికి. పిల్ల పెరిగేది ఏట్లో, సన్నకన్ను వలల మధ్య.

మొన్న మా స్టాఫురూములో ఒక మిత్రుడు పులస కొన్న వైభవం వర్ణించాడు. జన విడిగా వేపించాడట. ఎన్ని లక్షలుంటాయో లెక్కవేద్దామనుకుంటున్నాను, ఆయన ధర వేలల్లో చెప్పుకుపోతున్నాడు.