బాంబు నా మీదే ఉంది!

రాత్రి తొమ్మిది. అమ్మ అన్నం వడ్డించి పిలుస్తుంది. అబ్బాయి గదిలోంచి రాడు. చెవులకు హెడ్‌ఫోన్స్, కళ్లు కంప్యూటర్ మీద. ‘ఒక్క పది నిమిషాలమ్మా... ఇప్పుడు లేచానంటే 40 మందీ చచ్చిపోతారు’ అంటాడు. ఎక్కడి 40 మంది? ఎందుకు చచ్చిపోతారు? అమ్మకు అర్థం కాదు. ‘వీడికి ఆటల పిచ్చి ముదిరింది’ అనుకుని వెళ్లిపోతుంది.

నిజానికి వాడు చెప్పింది అబద్ధం కాదు. వాడు ఆడుతున్నది ఒంటరి ఆట కాదు. దాన్ని రెయిడ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే దండయాత్ర. ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్ ద్వారా ఒక జట్టుగా చేరి, ఒంటరిగా ఎవరూ చంపలేని ఓ రాకాసిని కలిసి కూల్చాలి. 2004 నవంబరులో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఈ రెయిడ్‌లను ప్రపంచమంతా మార్మోగేలా చేసింది. అందులో ‘మోల్టెన్ కోర్’ అనే నిప్పుల గుహలోకి వెళ్లాలంటే 40 మంది కావాలి. 2007 నుంచి కొత్త రెయిడ్‌లకు 25 మంది, 10 మంది చాలన్నారు కానీ, పాత ఆటను 2019లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ 40 మంది జట్లూ తిరిగొచ్చాయి.

మోసేవాళ్లూ కావాలి

‘అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు?’ అని సామెత. రెయిడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. జట్టులో మూడు రకాల పనులుంటాయి. రాకాసికి ఎదురు నిలబడి దెబ్బలన్నీ తను కాచుకునేవాడు ట్యాంక్. అతని ప్రాణం పోకుండా మంత్రాలతో గాయాలు మాన్పేవాళ్లు హీలర్లు. మిగిలినవాళ్లు రాకాసిని కొట్టేవాళ్లు.

ఇందులో ఓ చిత్రమైన లెక్క ఉంది. రాకాసి తనకు ఎవరి మీద ఎక్కువ కోపం వస్తే వాళ్ల మీదకు తిరుగుతుంది. ఆ కోపమంతా తన మీదే ఉండేలా చూసుకోవడమే ట్యాంక్ పని. కొట్టేవాళ్లలో ఒకడు ‘అందరికన్నా నేనే ఎక్కువ కొట్టాలి’ అని ఆవేశపడితే, రాకాసి ట్యాంక్‌ను వదిలి వాడి మీద పడుతుంది. ఒకటి రెండు దెబ్బలకే వాడు కూలిపోతాడు. అంతటితో ఆగక పక్కవాళ్లనూ చంపుతుంది. అంటే, చెయ్యగలిగినా ఆగడం కూడా అక్కడ పనితనమే!

ఎవరెంత కొట్టారో లెక్క చూపించే పట్టికలు ఆటగాళ్లు తయారుచేసుకున్నారు. అందులో పైన పేరుంటే గొప్ప. కానీ సమయానికి పక్కకు తప్పుకున్నవాడి పేరు ఏ పట్టికలో ఉంటుంది? హీలర్ బాగా పనిచేసిన రోజున అసలేమీ జరగనట్టే ఉంటుంది. ఎవరూ చావరు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. ఇంట్లో వంటా వార్పూ సవ్యంగా జరిగినంతకాలం ఎవరికీ గుర్తురానట్టు!

ఎనిమిది సెకన్లు

మోల్టెన్ కోర్‌లో బ్యారన్ గెడ్డాన్ అని ఓ నిప్పు భూతం ఉంది. వాడికో టక్కరి విద్య వచ్చు. 40 మందిలో ఎవరో ఒకరిని బాంబుగా మార్చేస్తాడు. తెర మీద చిన్న గుర్తు వస్తుంది. 8 సెకన్ల తర్వాత ఆ మనిషి పేలతాడు. జట్టు మధ్యలో ఉండగా పేలితే చుట్టూ ఉన్నవాళ్లంతా గాయపడతారు, చాలామంది చస్తారు. గుర్తు చూసిన వెంటనే చేస్తున్న పని వదిలేసి, దూరంగా ఒంటరిగా పరిగెడితే నష్టం వాడొక్కడితో పోతుంది. హీలర్ కనిపెట్టుకుని ఉంటే వాడూ బతుకుతాడు.

ఇక్కడ బలం, వేగం, ఖరీదైన ఆయుధం ఏవీ పనికిరావు. కావలసింది రెండే. తన మీద పడిందని గమనించడం, ఆ మాట పైకి చెప్పడం. ‘అయ్యో! అయ్యో!’ అని అరిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘బాంబు నా మీద. ఎడమవైపు వెళ్తున్నా’ అంటే హీలర్‌కు ఎవరిని చూడాలో తెలుస్తుంది, ఎడమవైపు ఉన్నవాళ్లకు ఎటు జరగాలో తెలుస్తుంది. మూడు సెకన్ల మాట, నలభై మందిని కాపాడుతుంది.

అందుకే రెయిడ్‌లో మాటకు కూడా క్రమశిక్షణ ఉంటుంది. తొలి రోజుల్లో టీమ్‌స్పీక్, వెంట్రిలో అనే సాఫ్ట్‌వేర్‌లతో మాట్లాడుకునేవారు. 2015లో వచ్చిన డిస్కార్డ్ తర్వాత వాటి స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. సాధనం ఏదైనా పద్ధతి ఒకటే. పోరు నడుస్తున్నప్పుడు నాయకుడు మాట్లాడతాడు, మిగతావాళ్లు మౌనం. పక్కవాడికి అవసరమైన సంగతి తన దగ్గరుంటేనే నోరు విప్పాలి. పదిమంది ఒకేసారి మాట్లాడితే, పేలబోయేవాడి మాట ఎవరి చెవినా పడదు.

మాట ఒక్కటే అయితే చాలదు, దాని అర్థం కూడా అందరికీ ఒక్కటే కావాలి. ‘డెస్టినీ 2’ ఆటలో 2022లో వచ్చిన ఓ రెయిడ్‌లో ఆరుగురు జట్టు వింత వింత బొమ్మ గుర్తులను ఒకరికొకరు నోటితో చెప్పుకోవాలి. ఒకడు చూసిన గుర్తు ఇంకొకడికి కనిపించదు. ఒకే గుర్తును ఒకడు ఒక పేరుతో, ఇంకొకడు మరో పేరుతో పిలిస్తే అంతా గందరగోళమే. లోపలికి వెళ్లకముందే ఏ గుర్తుకు ఏ పేరో ఒప్పందం చేసుకున్న జట్టుకు సగం పని అయిపోయినట్టే.

ఓడిన తర్వాత...

రెయిడ్‌లో ఓటమి మామూలు. అందరూ చస్తే దాన్ని ‘వైప్’ అంటారు. లేచి, మళ్లీ నడిచొచ్చి, మొదటినుంచీ ఆరంభించాలి. 2017లో మెథడ్ అనే జట్టు కిల్‌జేడెన్ అనే రాకాసిని ప్రపంచంలో అందరికన్నా ముందు కూల్చింది. అంతకు ముందు ఎన్నిసార్లు ఓడిందో తెలుసా? 650 సార్లకు పైగా!

అన్నిసార్లు ఓడాక కూడా జట్టు విడిపోకుండా ఉండాలంటే, ప్రతి వైప్ తర్వాత వచ్చే ఆ ఒక్క నిమిషం ముఖ్యం. ‘ఎవడ్రా ఆ పని చేసింది?’ అని మొదలైతే తప్పు చేసినవాడు నోరు మూసుకుంటాడు. కారణం తెలియదు. మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే చావు. ‘నేనే. గుర్తు చూసుకోలేదు’ అని ఒకడు ఒప్పుకున్నాడంటే, పది నిమిషాల వాదన పది సెకన్లలో తేలిపోతుంది. అలా ఒప్పుకున్నవాణ్ని కరిచేవాళ్లున్న జట్టులో రెండోసారి ఎవరూ ఒప్పుకోరు. జట్లను చాలావరకు చంపేది రాకాసులు కాదు, ఈ మాటలే.

ఏ పని ఎవరిదో తెలిసుంటే ఎంత తేడా వస్తుందో మోల్టెన్ కోరే చెబుతుంది. అక్కడి రారాజు రాగ్నరోస్‌ను మొదటిసారి కూల్చడానికి ఆట వచ్చాక అయిదు నెలలు పట్టింది. 2019లో అదే ఆట మళ్లీ వచ్చినప్పుడు వారం తిరక్కుండానే కూల్చేశారు. ఆటలో వచ్చిన మార్పులూ కొంత కలిసొచ్చాయి. అంతకుమించి, ఈసారి ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో 40 మందికీ ముందే తెలుసు.

ఇంట్లో కూడా జట్టే

ఇంతకీ అన్నం చల్లారిపోయింది. పావుగంట తర్వాత అబ్బాయి బయటికొచ్చాడు.

‘ఏరా, గెలిచారా?’ అన్నాడు నాన్న.

‘లేదు నాన్నా. బాంబు నా మీద పడింది, చూసుకోలేదు. నాదే తప్పని చెప్పాను.’

‘తిట్టారా?’

‘లేదు. మళ్లీ మొదలెడదాం అన్నారు. అన్నం తినొస్తానని చెప్పి వచ్చాను.’

అమ్మ కంచం ముందుకు జరిపింది. ‘లేచి వస్తున్నానని ముక్కూ మొహం తెలియని 39 మందికీ చెప్పావు. తొమ్మిదింటికి ఆట ఉందని పొద్దున్నే నాకో మాట చెప్పుంటే, ఎనిమిదింటికే వడ్డించేదాన్ని కదరా’ అంది.

అబ్బాయి ఓ క్షణం ఆగాడు. ‘నాదే తప్పమ్మా’ అన్నాడు.

అమ్మ అన్నం వేడి చేయడానికి లేచింది.