అంగన్‌వాడీలో ఏడాది పిల్లల బొమ్మలు: ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ సంచాలకుల వారికి,

అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య కిట్ మూడేళ్లు దాటినవారిది. గోడ పట్టుకుని నిలబడి, నేడో రేపో అడుగు వేయబోయే పిల్లలకూ నాలుగు బొమ్మలు కొనమని మనవి. ఈ వయసులో బొమ్మ ఏం చేస్తుందన్నది కాదు, దానితో బిడ్డ ఏం చేయగలడన్నదే చూడాలి: డబ్బాలో వేయడం, తీయడం, పేర్చడం, పడగొట్టడం, తోసుకుంటూ నడవడం. మీట నొక్కితే పాడే ప్లాస్టిక్ బొమ్మ ముందు బిడ్డ ప్రేక్షకుడే. బిడ్డే ఆడించే బొమ్మలు కావాలంటే, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మల్లో అంకుడు కర్రతో చేసిన పేర్చే చక్రాలు, లాగుడు బండ్లు ఉన్నాయి.

వంటింటి గిన్నెలు, గరిటెలు చాలవా అంటారు. ఇంట్లో చాలావరకు చాలుతాయి, ఖరీదైన కిట్ల కన్నా మేలు కూడా. తల్లి కూలికి వెళ్తే బిడ్డ రోజంతా గడిపే చోట ఆ వంటిల్లు ఉండదు. అసలు గట్టి అభ్యంతరం భద్రతే. 2021 జనవరి 1న అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి భద్రతా పరీక్షను టెండరులోనే పెట్టండి: 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొలత గొట్టంలో పూర్తిగా ఇమిడే ముక్క ఉండకూడదు, ఊడివచ్చే మేకు ఉండకూడదు, రంగులో సీసం లేదని తేలాలి. ఆ ఖర్చు కళాకారుల మీద కాక శాఖ మీదే పడాలి.

ఇట్లు,
ఒక పౌరుడు