మనది తల కాదా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, మెట్రో స్తంభాల నీడన ఎక్కడైనా ఓ పావుగంట నిలబడి చూడండి. బండి నడిపే మగవారి నెత్తిన హెల్మెట్టు. వెనక, ఒళ్లో పిల్లాడితో, చేతిలో కూరల సంచీతో కూర్చున్న ఇల్లాలి నెత్తిన మూరెడు మల్లెపూలు! పడితే ఇద్దరూ పడేది ఒకే తారురోడ్డు మీద కదా?

"పోలీసుల కోసం ఆయన పెట్టుకుంటారు, నాకెందుకూ?" అంటారు. అక్కడే ఉంది తిరకాసు. తలకి కవచం పుట్టింది పోలీసుల కోసం కాదు, దెబ్బ కోసం. రెండువేల ఏళ్ల కిందటి రోమన్ల శిరస్త్రాణం చూడండి. మెడ మీద వేటు పడకుండా వెనక చేటలాంటి అంచు, నుదుటికి అడ్డంగా ఓ పట్టీ, చెంపలకు రెండు రేకులు. ఆ రేకుల్ని గడ్డం కింద బిగించి కట్టాలి. ఈ పనితనంలో చాలా భాగం గాల్ దేశస్థుల దగ్గర నేర్చుకున్నదే. క్రీ.శ. 101–106 మధ్య డేసియన్లతో యుద్ధాలు వచ్చినప్పుడు, వారి వంకరకత్తి వేటుకు తట్టుకునేలా నడినెత్తిన ఇనుపకమ్ములు అడ్డంగా, నిలువుగా బిగించారు. "మా తాతలు ఇలాగే పెట్టుకున్నారు" అని భీష్మించుకు కూర్చోలేదు!

రోమన్లు మనకేం చుట్టాలని అడక్కండి. ఇదే బెజవాడ రోడ్డున పోతే వచ్చే నల్లగొండ జిల్లాలో వారి వెండినాణేలు దొరికాయి. నాణేలు పుచ్చుకున్న నేల మనది, బుద్ధి పుచ్చుకుంటే తప్పా?

జడ నలుగుతుందంటారా? ముడి కాస్త కిందికి వేసుకోండి. ఉక్కపోస్తుందంటారా? ఆయనకీ పోస్తుంది! నాలుగేళ్లు దాటిన ప్రతివారూ పెట్టుకోవాలంటోంది 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం. ఆడవాళ్లకని అందులో మినహాయింపేమీ లేదు.

మరి కొందరు మహానుభావులు ఇల్లాలికిచ్చేది అటకమీది పాత హెల్మెట్టు. రోమన్ల శిరస్త్రాణాలు కొన్నింటి మీద ఒకరికి మించి సిపాయిల పేర్లు గీసి ఉంటాయి, ఒకరి తర్వాత ఒకరు వాడుకున్నారన్నమాట. అది ఇనుమో, కంచో. సొట్ట తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. మన హెల్మెట్టు లోపల ఉండేది థర్మోకోల్ పొర. తాను నలిగి దెబ్బను మింగుతుంది, అదీ ఒక్కసారే. ఒకసారి దెబ్బతిన్నది ఇల్లాలికి కాదు, చెత్తబుట్టకి పోవాలి.

కాసు బంగారం కొనడానికి వెళ్లినా హాల్‌మార్కు ఉందా అని నాలుగుసార్లు అడుగుతామే, ఆ బంగారం పెట్టుకునే మనిషి తలకి కొనే హెల్మెట్టు మీద ఐఎస్ఐ గుర్తుందా అని ఒక్కసారి అడగలేమా?