బస్తర్ పట్టభద్రుడికి డోసిమెట్రీ ఎంత దూరం?

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ఒక్క రోజులో ముగిసేది కాదు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు పడుతుంది. బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల రోగులు ఏళ్ల తరబడి ఇందుకోసం జగదల్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌కో, కిరండూల్ రైలెక్కి అరకు మీదుగా విశాఖపట్నానికో వెళ్తున్నారు. కూలి పోగొట్టుకుని, తోడుగా మరొకరిని వెంటబెట్టుకుని అన్ని వారాలు పరాయి ఊళ్లో ఉండటం ఎందరికి సాధ్యం?

క్యాన్సర్ వైద్యంపై చర్చ మాత్రం భవనాలు, యంత్రాల చుట్టూనే తిరుగుతోంది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అవి ప్రధానంగా కీమోథెరపీకి ఉపకరిస్తాయి. రేడియేషన్‌కు లీనియర్ యాక్సిలరేటర్, దాన్ని ఉంచేందుకు మందపాటి కాంక్రీటు గోడల గది కావాలి. ఆ రెండింటినీ డబ్బుతో సమకూర్చవచ్చు. మోతాదు లెక్కగట్టే నిపుణుడిని మాత్రం ముందే తయారుచేసుకోవాలి.

ఆ లెక్కే డోసిమెట్రీ. సీటీ స్కాన్‌పై కణితి హద్దులను వైద్యుడు గుర్తిస్తారు. కిరణాలను ఏ కోణంలో, ఎంత సేపు పంపాలో కంప్యూటర్‌పై ప్రణాళిక వేసేది డోసిమెట్రిస్ట్. కణితికి 66 గ్రే అందాలి. పక్కనే ఉన్న వెన్నుపాముకు 45 గ్రే మించకుండా చూడాలి. లాలాజల గ్రంథులను కాపాడలేకపోతే రోగికి జీవితాంతం నోరు ఎండిపోయే బాధ తప్పకపోవచ్చు.

అమెరికాలో ఇది ప్రత్యేక వృత్తి. 2017 నుంచి అక్కడ ధ్రువీకరణ పరీక్ష రాయాలంటే డిగ్రీతో పాటు గుర్తింపు పొందిన శిక్షణ తప్పనిసరి. భారత్‌లో ఈ పనిని ఎక్కువగా మెడికల్ ఫిజిసిస్టులే చేస్తున్నారు. వారి దారి దీర్ఘమైనది: మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ ఫిజిక్స్, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్వహించే డిప్లొమా వంటి ఏడాది కోర్సు, ఆపై ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్. మొత్తం ఏడేళ్లు. హల్బీ, గోండి మాట్లాడే ఇంట పుట్టి, హిందీ మాధ్యమంలో చదివి, జగదల్‌పూర్‌లోని షహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ చేసిన విద్యార్థికి ఈ దారి ఉందని చెప్పేవారే అరుదు.

2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తన షెడ్యూలులో మెడికల్ ఫిజిసిస్టుతో పాటు డోసిమెట్రిస్టును కూడా చేర్చింది. ఇది చిన్న విషయం కాదు. డిగ్రీ స్థాయిలోనే ఈ వృత్తిలోకి ప్రవేశించేందుకు చట్టం వీలు చూపింది. అయితే చట్టంలో పేరు చేరినంత మాత్రాన కళాశాలలో సీటు, ఆసుపత్రిలో ఉద్యోగం వాటంతట అవే రావు. ఫిజిసిస్టు పర్యవేక్షణ లేకుండా డోసిమెట్రిస్టు ఒక్కరే కేంద్రాన్ని నడపలేరన్నదీ గుర్తుంచుకోవాలి.

జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ రేడియేషన్ చికిత్సను విస్తరించాలనుకుంటే, యంత్రానికి టెండరు పిలిచే రోజునే ఎమ్మెస్సీ పూర్తిచేసిన స్థానిక విద్యార్థులను ఎంపికచేసి, ఉపకారవేతనంతో శిక్షణకు పంపవచ్చు. గది కట్టి, యంత్రాన్ని బిగించి, అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతులు పొందేలోగా వారి రెండేళ్ల శిక్షణా పూర్తి కావస్తుంది. వైద్యులకు గ్రామీణ సేవా ఒప్పందం ఉన్నట్టే, వీరితోనూ సొంత డివిజన్‌లో కొన్నేళ్లు పనిచేసే ఒప్పందం కుదుర్చుకోవచ్చు.