సెలవుల లెక్క

ఏటేటా ఒంటిపూట బడులు మొదలగుటే తడవుగా మా కార్యాలయమునకు వేసవి కథలు రాసాగును. అమ్మమ్మగారి యూరు, మామిడితోపు, తాటిముంజలు, దిగుడుబావిలో ఈత, రాత్రివేళ వాకిట వాల్చిన నులకమంచములపై తాతగారు చెప్పిన రాజకుమారుల కథలు: ఇవి లేని వ్రాతప్రతి మాకు అరుదుగా లభించును. రచయితల స్మృతిమాధుర్యమును మేము శంకింపము. మేమును ఆ ముంజలు తినియే పెరిగితిమి. అయినను ఆ కథలలోని బాలునకు బడి యనునది యొకటి కలదనియు, జూన్ మాసమున అతడు మరల ఆ గుమ్మము త్రొక్కవలసియున్నదనియు చదువరికి లేశమైనను స్ఫురింపదు. బడిగంట చెవిలో మ్రోగుచుండనిదే సెలవు సెలవు కాజాలదని మా యభిప్రాయము.

ఆర్. కె. నారాయణ్ 1935లో వెలువరించిన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్'లో ఈ మర్మము చక్కగా పట్టుబడినది. పరీక్షలు ముగిసి, సిరాను యథేచ్ఛగా ఒలుకబోసి, కేరింతలతో బడి వెడలిన మాల్గుడి బాలురు ఇక పుస్తకము ముట్టరనియే మనము తలంతుము. కాని సెలవుల నడుమ ఒకనాడు స్వామిని తండ్రి గదిలోనికి పిలిచి, పది మామిడిపండ్ల వెలను బట్టి నాలుగింటి వెల తేల్చుమనును. ఎంత పెనుగులాడినను లెక్క తెగదు. ఏలయన ఆ పండ్లు మాగినవో, పచ్చివో స్వామికి తెలియదు, అది తెలియక వెల కట్టుట యెట్లో అతనికి తోపదు. తండ్రిని అడిగియు చూచును. తుదకు ఆరణాలని చెప్పి భోరున ఏడ్చును. తోపులోని వేయి పండ్లు చెప్పజాలని వేసవిని గణితములోని ఆ పది పండ్లు చెప్పినవి.

రవీంద్రనాథుని 'ఛుటీ' కథలో (1892) ఇదే గంట కరుణముగా మ్రోగును. పల్లెలో అల్లరికి పేరుపడిన ఫటిక్, మేనమామ వెంట చదువునకై కలకత్తా పోయి, అత్త విసుగును, ఉపాధ్యాయుని దండనను భరింపలేక, ఇల్లు చేరు దినమెన్నడని అడుగగా, సెలవులు రానిమ్మని మామ చెప్పును. అవి కార్తికమున వచ్చు పూజాసెలవులే కాని వేసవివి కావు. ఋతువు వేరైనను ఆర్తి యొక్కటియే. తల్లి వచ్చి చేరునప్పటికి ఆ జ్వరపీడితునకు ఏ సెలవు లభించినదో కథ చదివినవారు మరువరు. మనలో ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు సంగతి వేరు. ప్రైవేటు మేష్టర్లనే బెంబేలెత్తించిన వానికి ఏడాది పొడుగునను సెలవులే.

సెలవు అనగా విముక్తి యని మనము అనాలోచితముగా నమ్ముదుము. కరవు ప్రాంతముల బడులలో వేసవి సెలవులందును మధ్యాహ్నభోజనము పెట్టవలెనని 2004లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసి వచ్చినదన్న, బడి మూతపడినంతనే విస్తరి మూతపడు పిల్లలు ఈ దేశమున ఎందరో యూహింపుడు. మరియొక వైపు, పనిలోనుండి తప్పించిన పిల్లలను ఎం. వి. ఫౌండేషన్ వారు శిబిరములలో చేర్చి, అక్షరములు నేర్పి, వయసునకు తగిన తరగతికి సిద్ధము చేసిరి. రంగారెడ్డి జిల్లాలో అట్టి శిబిరము నుండి బడికి నడచిన బాలికకు గంట మ్రోత భయము గొల్పెడిదో, ఆశ గొల్పెడిదో తెలుగు కథ ఇంకను విని చెప్పవలసియున్నది. ఇక కోచింగు తరగతులలో మే నెల సాంతము గడపుచు, కిటికీ వెలుపలి ఎండనైనను ఎరుగని నగరబాలుని గూర్చి వ్రాసినవారు మాత్రము ఎందరు?

అమ్మమ్మ ఊరిని విడువుమని మేము కోరము. ఆ ఊరికి పోలేని పిల్లల కథలను ఈ వేసవిలో మాకు పంపుడు. బడులు తెరచు మాసపు సంచికలో వానికే మొదటి పుటలు కేటాయింతుము.