పాఠం ఫోన్‌లో ఉంది, వినేవారేరి?

ఇంగ్లీషు మెట్టు ఎక్కకుండానే, తెలుగు నుంచి నేరుగా స్పానిష్ నేర్చుకునే వీలు ఇప్పుడుంది. డ్యూలింగో సంస్థ 2025 ఏప్రిల్ నెలాఖరున ఒకేసారి 148 కొత్త కోర్సులు విడుదల చేసింది. తెలుగువారికి స్పానిష్ నేర్పే కోర్సు వాటిలో ఒకటి. మొదటి మెట్ల పాఠాలే అయినా పైసా కట్టకుండా మొదలుపెట్టొచ్చు. ఇంగ్లీషు కాస్త అర్థమయ్యేవారికి లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ ఆడియో పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మళ్లీ సిగ్నల్‌తో పనిలేదు. భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున, అడవుల నడుమ ఉన్న పలిమెల లాంటి మండలానికి ఇది పెద్ద సాయమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు పాఠాలు లేవని ఇక ఎవరూ అనలేరు.

అయితే పాఠం దొరికినంత మాత్రాన భాష రాదు. హార్వర్డ్, ఎంఐటీ నడిపిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవారు నూటికి ముగ్గురే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టి చేరినవారిలో మాత్రం నూటికి 46 మంది పూర్తి చేశారు. పాఠం అందరికీ ఒకటే. చేరేటప్పుడే గట్టి కారణం ఉన్నవారు నిలబడ్డారు, సరదాకి చేరినవారు జారిపోయారు. ప్రపంచంలోనే పేరున్న విశ్వవిద్యాలయాల పరిస్థితి ఇదైతే, ఇంటికి ఒకే ఫోన్ ఉండి, అది నాన్న పొలం నుంచి వచ్చాకే చేతికందే తండా పిల్ల ఒంటరిగా ఎన్నాళ్లు నేర్చుకోగలదు?

యాప్‌లు ఈ సంగతి ఎరిగినవే. అందుకే పాయింట్లు ఇస్తాయి, రోజు తప్పితే గుర్తు చేస్తాయి. మొదటి వారాల్లో అవి పనికొస్తాయి, కాదనను. కానీ బొమ్మ చూసి మాట మీద వేలు నొక్కడం వేరు, ఎదుటి మనిషితో నోరు తెరిచి మాట్లాడటం వేరు. పాయింట్ల కోసం నేర్చింది పాయింట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది మనకు కొత్త కాదు. ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకునే పిల్లలు ఊరూరా ఉన్నారు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లాణ్ని సంస్కృతంలో ఒక్క మాట చెప్పమంటే దిక్కులు చూస్తాడు. తప్పు ఆ పిల్లాడిదీ కాదు, ఆ గొప్ప భాషదీ కాదు. మార్కు తప్ప మరో కారణం అతనికి ఎవరూ చూపలేదు.

‘ఇంగ్లీషే సరిగా రావడం లేదు, స్పానిష్ ఎందుకు?’ అని అడిగేవారున్నారు. ఇరవై దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి తల్లిభాష స్పానిష్. జాతీయ విద్యా విధానం 2020 హైస్కూలు స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో దాన్నీ చేర్చింది. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవారికి జర్మన్, జపనీస్ నేర్పి ఆ దేశాల్లో ఉద్యోగాలకు దారి చూపుతోంది. చివర ఉద్యోగం కనిపిస్తోంది కాబట్టి అక్కడ చేరినవారు కష్టమైనా పట్టు వదలరు. స్పానిష్‌కూ ఆ దారి ఉంది. అమెరికా వినియోగదారులకు సేవలందించే కంపెనీలకు ఈ భాష వచ్చినవారు కావాలి. పైగా మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు తక్కువేం కాదు. అక్కడి హైస్కూళ్లలో పిల్లలు ఎక్కువగా తీసుకునే విదేశీ భాష స్పానిషే. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకుతో జనగామలోని చెల్లె ఆదివారం వీడియో కాల్‌లో నాలుగు స్పానిష్ ముక్కలు మాట్లాడిందనుకోండి, ఏ యాప్ ఇచ్చే పాయింట్లూ ఆ సంతోషానికి సాటిరావు.

ఇంకో మాట. స్పానిష్ తెలుగు నోటికి కొరుకుడు పడని భాష కాదు. అందులో అచ్చులు అయిదే, అయిదూ మనకున్నవే. రాసినట్టే చదువుతారు, మినహాయింపులు కొద్ది. ఇంగ్లీషు స్పెల్లింగులతో కుస్తీ పట్టిన పిల్లవాడికి అదే పెద్ద ఊరట. త, ద లు దాదాపు మనం పలికినట్టే పలుకుతాయి. మనం ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అని వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లూ ‘ఆబ్లో’ అని ఊరుకుంటారు. ఎవరు మాట్లాడుతున్నారో క్రియ చివర చూస్తే తెలిసిపోతుంది. స్నేహితుణ్ని ‘తూ’ అంటారు, పెద్దవారిని ‘ఉస్తేద్’ అంటారు. నువ్వు, మీరు అనే తేడా తెలిసిన పిల్లలకు దీన్ని ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. ‘నాకు మామిడిపండు ఇష్టం’ అనే వాక్యాన్ని వాళ్లూ ‘నాకు’తోనే మొదలుపెడతారు: ‘మె గుస్తా ఎల్ మాంగో’. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాడు ఇక్కడ తడబడతాడు, తెలుగు మీదుగా వెళ్లేవాడు తేలిగ్గా దాటేస్తాడు.

కష్టమల్లా వస్తువులకు ఆడ, మగ తేడా చూపడం దగ్గర వస్తుంది. బల్ల స్త్రీలింగమంటే తెలుగు పిల్లలు తెల్లబోతారు. కానీ ఇంట్లో లంబాడీ మాట్లాడే మహబూబాబాద్ తండాల పిల్లలకు, ఉర్దూ మాట్లాడే జనగామ పిల్లలకు ఈ లింగభేదం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఉర్దూలో ‘మేజ్’ స్త్రీలింగం, స్పానిష్‌లో ‘మేసా’ కూడా స్త్రీలింగమే. తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే తండా పిల్ల ఈ పాఠం నాడు ముందుకొచ్చి మిగతావారికి చెప్పగలదు. ఇంటి భాష వల్ల చదువులో వెనకబడ్డావని విన్న పిల్లకు, ఇంటి భాష వల్లే ముందున్నావని తెలియజెప్పడం కంటే పెద్ద ప్రోత్సాహం ఏముంది?

మొదటి పాఠం కూడా ఊళ్లోంచే తీయొచ్చు. మానుకోట (మహబూబాబాద్), కేసముద్రం మార్కెట్లకు వచ్చే మిర్చి, మక్కలు ఒకప్పుడు మనవి కావు. రెండింటి పుట్టిల్లూ ఇప్పుడు స్పానిష్ మాట్లాడే మెక్సికో నేల. సముద్రాలు దాటి మన చేలకు వచ్చాయి. మిర్చి స్పానిష్‌లో ‘చీలె’, మక్కలు ‘మాయీస్’, టమాటా ‘తొమాతె’. తన ఇంటి పంటల పేర్లతో మొదలైన భాష పిల్లలకు పరాయిదనిపించదు. ఈ పాఠం ఏ యాప్‌లోనూ దొరకదు, స్థానిక టీచరే తయారు చేయాలి.

నా వాదనంతా ఒక్కటే. పిల్లల ఆసక్తి నిలిచేది వాళ్లు నేర్చిన నాలుగు మాటలూ వినే మనిషి ఉన్నప్పుడు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా సర్కారు బడి పిల్లలకు టీవీ పాఠాలు నడిచాయి. పాఠం అందరి ఇళ్లకూ ఒకే వేళకు వచ్చేది. అయినా సారు ఇంటిదాకా వచ్చి నోట్సు చూసిన పిల్లలకూ, ఎవరూ పలకరించని పిల్లలకూ మధ్య తేడా బడులు తెరిచిన రోజున ప్రతి టీచరుకూ కనిపించింది.

కాబట్టి ఖర్చు పెద్దగా లేని పని ఒకటి చేయొచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎంపిక చేసిన జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో వారానికో గంట స్పానిష్‌కు కేటాయించాలి. ఆసక్తి ఉన్నవారే రావాలి. పరీక్ష వద్దు, మార్కులు అసలే వద్దు. పాఠం ఫోన్‌లోనో కంప్యూటర్ ల్యాబులోనో వింటారు. ఆ గంట మాత్రం మాట్లాడటానికే. హైదరాబాద్‌లో ఉన్న ఇఫ్లూ ఇంగ్లీషు, విదేశీ భాషలు నేర్పే కేంద్ర విశ్వవిద్యాలయం. అక్కడ స్పానిష్‌లో డిగ్రీలు చదువుతున్న యువతీయువకులు వీడియో కాల్‌లో ఈ పిల్లలతో మాట్లాడితే వారికీ బోధన అనుభవం వస్తుంది. గదిలో ఉండే టీచరుకు స్పానిష్ రాకపోయినా నష్టం లేదు. పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకుంటే చాలు. తమతో పాటు సారు కూడా తప్పులు పలుకుతుంటే పిల్లల భయం సగం పోతుంది.

విద్యాశాఖ అధికారులకు, ఇఫ్లూ పెద్దలకు నా విన్నపం ఇదే: కొత్త యాప్ కోసం టెండర్లు పిలవకండి, ఉన్న పాఠాలు చాలు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి జిల్లాకు ఒక్క కాలేజీలోనైనా వారానికి ఒక్క గంట, వినే మనిషిని ఇవ్వండి.